బోర్డు ముందు గుండెదడ

జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో 1993లో క్లెమెన్స్ కిర్ష్‌బామ్, ఆయన సహచరులు ఒక పరీక్ష రూపొందించారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ప్రయోగశాలలో కచ్చితంగా ఒత్తిడి పుట్టించడం ఎలా అన్నది వాళ్ల ప్రశ్న. వాళ్ల ఉపాయంలో కరెంటు షాకులు లేవు, గావుకేకలు లేవు. మనిషిని ఒక గదిలోకి పిలుస్తారు. ఎదురుగా బల్ల వెనక పరీక్షకులు కూర్చుని ఉంటారు. వాళ్లు నవ్వరు, తల ఊపరు, బాగుందనీ బాగాలేదనీ అనరు. సిద్ధమవడానికి కాస్త టైమిచ్చి, ఫలానా ఉద్యోగానికి నువ్వెందుకు తగినవాడివో 5 నిమిషాలు చెప్పమంటారు. అది అవగానే 1022 లోంచి 13 చొప్పున తీసేసుకుంటూ పైకి లెక్క చెప్పమంటారు. తప్పిందా, మళ్లీ 1022 నుంచి మొదలు. ఇంతే. ఈ కాస్తకే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను 2 నుంచి 4 రెట్లు పెరిగింది.

డిగ్రీ కాలేజీలోనో యూనివర్సిటీలోనో పాఠం చెప్పేవాళ్లకు ఇది తెలిసిన కథలాగే ఉంటుంది. కాకపోతే వాళ్ల ఎదురుగా ఉండే పరీక్షకులు ఒకరిద్దరు కారు, 60 మంది. మాట్లాడాల్సింది గంటసేపు, అదీ రోజుకు మూడు నాలుగు సార్లు. మనం పిల్లల పరీక్ష భయం గురించి పేజీలకు పేజీలు రాస్తాం, ఫిబ్రవరి వస్తే టీవీల్లో నిపుణులను కూర్చోబెడతాం. సార్లకు, మేడాలకు భయం ఉంటుందంటే మాత్రం నవ్వుతాం. అమెరికాలో సైకాలజీ బోధించే కాలేజీ అధ్యాపకులను గార్డ్‌నర్, లీక్ అనే ఇద్దరు పరిశోధకులు అడిగి 1994లో ఫలితాలు ప్రకటించారు. 87 శాతం మంది ఏదో ఒక దశలో పాఠం చెప్పడానికి ఆందోళన పడ్డామన్నారు. మనిషి భయాల గురించి క్లాసులో వివరించడమే ఆ అధ్యాపకుల వృత్తి.

ఇంతకీ ఒంట్లో ఏం జరుగుతుంది? హాజరు పట్టీ చేతపట్టుకొని వరండాలో నడుస్తున్నప్పుడే మెదడు లోపల హెచ్చరిక గంట మోగుతుంది. క్షణాల్లో అడ్రినలిన్ రక్తంలోకి దిగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నోరు తడారిపోతుంది, గొంతులోని కండరాలు బిగిసి స్వరం సన్నబడుతుంది. బోర్డు మీద తేదీ వేస్తుంటే సుద్దముక్క వణుకుతుంది. ఇది మొదటి అల. రెండోది తాపీగా వస్తుంది. మెదడులోని హైపోథలామస్ నుంచి పిట్యూటరీకి, అక్కడి నుంచి మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులకు కబురు అంది, కార్టిసాల్ తయారై, పతాక స్థాయికి చేరేసరికి 20, 30 నిమిషాలు పడుతుంది. అంటే పాఠం గాడిన పడి, పిల్లలు కుదురుకున్న వేళకు కార్టిసాల్ పైకెక్కి కూర్చుంటుంది. బాగానే నడుస్తున్న క్లాసు మధ్యలో ఉన్నట్టుండి మాట తడబడి, 'నాకేమైంది ఇప్పుడు' అని బెదిరిపోయే కొత్త లెక్చరర్లకు ఈ సంగతి తెలిస్తే సగం ఊరట.

అయితే అన్ని కష్టాలకూ కార్టిసాల్ ఇలా స్పందించదు. సాలీ డికర్సన్, మార్గరెట్ కెమెనీ 2004లో 208 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. లెక్కలు చేయించడం, చప్పుడు వినిపించడం, సినిమాలు చూపించడం, రకరకాల ప్రయోగాలున్నాయి అందులో. కార్టిసాల్ బాగా పెరిగి, తగ్గడానికి ఎక్కువ సేపు పట్టింది రెండు షరతులు కలిసినప్పుడు. ఒకటి, నలుగురు మనల్ని అంచనా కడుతున్నారన్న స్పృహ. రెండు, ఫలితం మన చేతిలో లేకపోవడం. వీటిలో ఒక్కటే ఉంటే ప్రభావం తక్కువ. రెండూ జతకూడితే మామూలు మనిషి కూడా వణుకుతాడు. అధ్యాపకుల భయాన్ని పిరికితనం ఖాతాలో వేసేవాళ్లు ఈ రెండో షరతును చూడరు. మన దగ్గర ఆ రెండో షరతే ఎక్కువ పని చేస్తోందని నాకనిపిస్తుంది.

ఇంకో ప్రయోగం చెప్పి ఊళ్లోకి వస్తాను. అదే కిర్ష్‌బామ్ బృందం 1995లో 20 మంది మగవాళ్లకు అదే తరహా పరీక్షను వరుసగా 5 రోజులు పెట్టింది. ఎక్కువ మందిలో రెండో రోజుకే కార్టిసాల్ దిగిపోయింది. ఒళ్లు నేర్చుకుంది: ఇదే గది, ఇదే పని, కొంప మునగలేదు. కొందరికి మాత్రం ఐదో రోజున కూడా మొదటి రోజులాగే ఎక్కింది. తమ మీద తమకు గురి తక్కువగా ఉన్నవాళ్లు ఈ రెండో గుంపులో కనిపించారు. భయం పోవడానికి ధైర్యం కన్నా అలవాటు ముఖ్యం, అలవాటు కావాలంటే పని కొన్నాళ్లయినా ఒక్క తీరుగా ఉండాలి. ఈ మాట గుర్తుపెట్టుకుని న్యాల్‌కల్ వైపు చూద్దాం.

సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ దాటాక, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం న్యాల్‌కల్. ఇక్కడివాళ్లకు పెద్ద ఆసుపత్రికైనా, పెళ్లి బట్టలకైనా బీదర్ దగ్గర. 1956 నవంబరు 1 దాకా న్యాల్‌కల్ బీదర్ తాలూకాలో ఒక సర్కిల్. రాష్ట్రాల పునర్విభజనలో జహీరాబాద్, నారాయణఖేడ్‌లతో పాటు దాన్ని మెదక్ జిల్లాలో కలిపారు. కాగితం మీద గీత మారింది గానీ నాలుకలు మారలేదు. ఇంట్లో కన్నడం, బజార్లో ఉర్దూ, బడిలో తెలుగు, తండాలో లంబాడీ, అత్తగారిది ఉద్గీరు వైపైతే మరాఠీ. ఇలాంటి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు జహీరాబాద్‌లోనో సంగారెడ్డిలోనో డిగ్రీలో చేరితే అక్కడ పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది.

పాఠం ఏ భాషలో చెప్పాలన్న తకరారు ఈ నేలకు కొత్తది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. ఇంజనీరింగ్, వైద్యంతో సహా అన్నీ ఉర్దూలో బోధించాలన్నది నిజాం సంకల్పం. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా పేరుతో అనువాద శాఖ పెట్టి పాఠ్యపుస్తకాలు తయారు చేయించారు. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ పెట్టి ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులోకి తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియమే అన్నారు. ప్రతి మార్పులోనూ పిల్లల సంగతి చర్చకొచ్చింది. తాను చదువుకున్నది ఒక భాషలో, చెప్పాల్సింది ఇంకో భాషలో అయిన అధ్యాపకుడి సంగతి ఎవరికీ పట్టలేదు. తెలుగు మీడియంలో డిగ్రీ దాకా వచ్చి, పీజీలో ఇంగ్లీషుతో కుస్తీపట్టి పాసైన మనిషి ఇవాళ ఇంగ్లీషులో ఆర్థికశాస్త్రం చెప్పాలి.

ఎలెయిన్ హార్విట్జ్ అనే భాషా బోధన పరిశోధకురాలు 1996లో ఒక వ్యాసం రాశారు. విదేశీ భాష నేర్పే టీచర్లు తామే ఆ భాషలో భయపడతారని, నేర్చుకునేవాళ్ల భయం టీచరయ్యాక కూడా పోదని అందులో చెప్పారు. మనకిది భాషా టీచర్లతో ఆగదు. మన భౌతికశాస్త్రం లెక్చరర్ కూడా ఒక విధంగా పరాయి భాష టీచరే. మనిషి ఒక క్షణంలో బుర్రలో నిలుపుకోగలిగిన సమాచారానికి పరిమితి ఉంది. మాతృభాషలో మాట్లాడుతుంటే వాక్యం దానంతటది వస్తుంది, ఆ చోటంతా విషయానికే దక్కుతుంది. రాని భాషలో వాక్యం కట్టుకోవడానికే సగం చోటు పోతుంది. 'తప్పు మాట్లాడుతున్నానేమో, వెనక బెంచీవాళ్లు నవ్వుతున్నారేమో' అన్న కాపలాకు ఇంకొంత. మిగిలిన కొంచెంలో విషయం ఇరుక్కోవాలి. విషయం క్షుణ్ణంగా తెలిసిన మనిషి క్లాసులో తెలియనివాడిలా కనిపించేది ఇందుకే.

ఒక క్లాసును దగ్గరగా చూద్దాం. కొత్తగా చేరిన ఏ లెక్చరర్‌దైనా అనుకోండి. అటెండెన్స్ అయింది. 'ఓపెన్ యువర్ నోట్‌బుక్స్' అని మొదలుపెట్టి, డిమాండ్ వ్యాకోచత్వం అంటే ఏమిటో ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పి ఆగాడు. ఎదురుగా చప్పుడు లేదు. 'అండర్‌స్టుడ్?' అన్నాడు. మళ్లీ చప్పుడు లేదు. ముందు బెంచీ అమ్మాయి పుస్తకంలోకి తల దించుకుంది. వెనక నుంచి ఒకడు ధైర్యం చేసి 'సార్, జర్ర తెలుగుల చెప్పుండ్రి' అన్నాడు. పక్కవాడు నవ్వాడు. ఆ నవ్వు ఎవరి మీద? పక్కవాడిని అడిగితే తన దోస్తు మీదనే అంటాడు. సారుకు మాత్రం తన మీదనే అనిపిస్తుంది. అంతే, పుస్తకం తెరిచి నోట్సు చెప్పించడం మొదలుపెడతాడు. కామా, ఫుల్‌స్టాప్‌తో సహా. 40 నిమిషాలు 60 తలలు వంగి ఉంటాయి. ఎవరి కళ్లూ ఆయన మీద ఉండవు. గుండె నెమ్మదిస్తుంది.

మన డిగ్రీ కాలేజీల్లో నోట్సు చెప్పించడం ఎందుకింత పాతుకుపోయిందంటే సోమరితనమంటారు, గైడ్ల సంస్కృతి అంటారు. నా లెక్కలో అది చాలా వరకు భయానికి వేసుకున్న ముసుగు. ఆందోళన మీద పనిచేసే మనోవైద్యులు వీటిని రక్షణ చేష్టలంటారు. కుక్కంటే భయమున్నవాడు ఆ వీధికే వెళ్లకపోతే కుక్క కరవదన్న సంగతి వాడికెప్పటికీ తెలియదు. నోట్సులో దాక్కున్న అధ్యాపకుడికి కూడా పిల్లలు ప్రశ్న అడిగినా కొంప మునగదన్న సంగతి తెలిసే అవకాశం రాదు. ఆ పూట భయం తగ్గుతుంది. పదేళ్లు సర్వీసయ్యాక కూడా అదే భయం. ఈ మధ్య నోట్సు చోటును పీపీటీ ఆక్రమించింది. గది చీకటి చేసి, అందరి చూపూ తెర మీదికి మళ్లించి, తెర మీది అక్షరాలే చదివేస్తే పీరియడు గడిచిపోతుంది. స్మార్ట్ క్లాస్‌రూమ్ అని బోర్డు కూడా పెట్టుకోవచ్చు.

క్లాసులోని ఆ నిశ్శబ్దం గురించి ఇంకాస్త చెప్పాలి. మేరీ బడ్ రోవ్ అనే అమెరికన్ విద్యావేత్త బడి క్లాసులను టేపుల్లో రికార్డు చేసి విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున 1 సెకను. ఆ తర్వాత వాళ్లే జవాబు చెప్పేస్తారు, లేదా ఇంకొకరిని లేపుతారు. అదే 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, 'తెలియదు' అనేవాళ్లు తగ్గారు, అంతదాకా నోరు విప్పనివాళ్లు విప్పారు. 1970ల నాటి పరిశోధన ఇది. 3 సెకన్లంటే ఏపాటి? చదివేవాళ్లకు ఏమీ కాదు. బోర్డు ముందు నిలబడి 60 ముఖాలను చూస్తూ ఆగితే అది యుగం. మన పిల్లలకైతే 3 కూడా చాలదు. ప్రశ్నను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, కొందరు అక్కణ్నుంచి కన్నడంలోకో ఉర్దూలోకో తెచ్చుకుని, జవాబు వెతుక్కుని, మళ్లీ ఇంగ్లీషులోకి ఎక్కించుకోవాలి. చిన్నప్పటి నుంచి నోరు మూసుకుని వింటేనే మర్యాద అని నేర్పిన బడి అలవాటు సరేసరి. వాళ్ల మౌనంలో ఉన్నది భయం. సారుకు అందులో వినిపించేది తీర్పు.

ట్రియర్ పరీక్షను జర్మనీలోనే మరో బృందం 2013లో చిన్న మార్పుతో మళ్లీ చేసి చూసింది. పరీక్షకులు ఈసారి నవ్వారు, తల ఊపారు, ఆదరంగా మాట కలిపారు. అవతల మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు, కార్టిసాల్ మాత్రం పెరగలేదు. క్లాసులో ముందు బెంచీలో ఒక్క తల ఊగితే లెక్చరర్ ఆ తల వైపే చూసి పాఠం అంతా చెప్పేస్తాడు. అది పక్షపాతం కాదు, ప్రాణరక్షణ.

ఇంకో ఊరట కూడా ఉంది, ఇది మాత్రం పూర్తిగా ఉచితం. మన లోపలి కంగారు బయటికి కనిపించిపోతోందని మనం అనుకునేంత కనిపించదు. థామస్ గిలోవిచ్, కెనెత్ సావిట్స్కీ 1998లో దీన్ని పారదర్శకతా భ్రమగా వర్ణించారు. 2003లో ఉపన్యాసకుల మీద మరో ప్రయోగం చేసి, ఈ భ్రమ గురించి ముందే చెప్పి పంపితే వాళ్లు ఇంకా బాగా మాట్లాడారని చూపారు. గట్టిగా ఊపిరి పీల్చుకో, నీళ్లు తాగు అనే సలహాల కన్నా నాకిది నచ్చుతుంది.

సలహాలంటే గుర్తొచ్చింది, పాఠం చెప్పడం మన లెక్చరర్లకు ఎవరు నేర్పారు? ఒకటో తరగతి పిల్లలకు అ ఆలు నేర్పాలంటే డీఎడ్ కావాలి, టెట్ పాసవ్వాలి. హైస్కూలుకు బీఎడ్. డిగ్రీకి, యూనివర్సిటీకి పీజీలో 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్, లేకపోతే పీహెచ్‌డీ. నెట్‌లో రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు. అందులో బోధన సామర్థ్యం అనే అంశానికి దక్కేది 5. ఎన్నేళ్లు చదివినా ఒక్క క్లాసు తీసుకోకుండానే అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత, 1987 నుంచి యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. తర్వాత వాటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని పేరు మార్చారు, ఇప్పుడు మాలవీయ మిషన్ కేంద్రాలంటున్నారు. అక్కడ శిక్షణ దొరికేది ఉద్యోగంలో చేరాక. పదోన్నతికి సర్టిఫికెట్ కావాలి గనుక వెళ్లేవాళ్లే ఎక్కువ. భయం ఎక్కువుండే మొదటి సెమిస్టర్‌లో ఆ మనిషి ఒంటరి.

ఫ్రాన్సెస్ ఫుల్లర్ 1969లో టీచర్ల దిగుళ్లు ఒక వరుసలో మారతాయని రాశారు. మొదట్లో దిగులంతా తన గురించే: నేను నిలబడగలనా, పిల్లలు నన్ను లెక్కచేస్తారా. కొంత అనుభవం వచ్చాకే 'పిల్లలకు అర్థమవుతోందా' అన్నది దిగులవుతుంది. రెండో మెట్టు ఎక్కాలంటే మొదటిది దాటాలి. దాటడానికి పని నిలకడగా ఉండాలి. మన దగ్గర చిక్కంతా ఇక్కడుంది.

తెలంగాణలో డిగ్రీ, యూనివర్సిటీ చదువు చాలా వరకు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, గెస్ట్ అధ్యాపకుల భుజాల మీద నడుస్తోంది. 2023 ఏప్రిల్ 30న ప్రభుత్వం 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. వాళ్లలో జూనియర్, డిగ్రీ, పాలిటెక్నిక్ లెక్చరర్లే అధికం. యూనివర్సిటీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఆ జాబితాలో లేరు. 2025 ఏప్రిల్‌లో వాళ్లు క్లాసులు ఆపి ఆందోళనకు దిగారు. గెస్ట్ లెక్చరర్లది ఇంకా కింది వరుస: పీరియడ్ లెక్కన డబ్బు, సెలవుల్లో సున్నా, వచ్చే ఏడు ఉంటామో లేదో తెలియదు.

ఒళ్లు భయాన్ని మరచిపోవాలంటే అదే గది, అదే పని కావాలని కిర్ష్‌బామ్ ప్రయోగం చెప్పింది కదా. గెస్ట్ లెక్చరర్‌కు దొరకనిది అదే. నిరుడు జహీరాబాద్, ఈసారి నారాయణఖేడ్, పై ఏడు ఎక్కడో. పర్మనెంట్ సార్లు తమకు అలవాటైన పేపర్లు తీసుకోగా మిగిలింది ఈయన వాటా. కాలేజీ తెరిచిన రోజున హెచ్‌ఓడీ పిలిచి 'ఈసారి నువ్వు స్టాటిస్టిక్స్ చూసుకో' అంటారు. చదివింది చరిత్ర కాకపోతే సంతోషం. ఆయన రాత్రి చదివి పొద్దున చెబుతాడు. పాఠంలో పిల్లల కన్నా పది పేజీలు ముందుంటాడు, ఒక్కోసారి రెండు. ఎవరైనా పదకొండో పేజీ నుంచి ప్రశ్న అడుగుతారేమోనని ప్రతి రోజూ గుండెదడ. ఎన్నేళ్లు చెప్పినా ప్రతి జూన్‌లోనూ ఆయనకు అది మొదటి క్లాసే. కొందరిలో ఇది 'నేనిక్కడ ఉండదగినవాణ్ని కాను, ఎప్పుడో బయటపడిపోతాను' అనే నమ్మకంగా గడ్డకడుతుంది. పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లో చదువులో పైకొచ్చిన స్త్రీలలో దీన్ని గుర్తించారు. ఇంట్లో మొట్టమొదట కాలేజీ మెట్లెక్కినవాళ్లకు ఇది అర్థం కావడానికి పరిశోధన చదవనక్కర్లేదు.

దీని మీద మార్కుల గోల. కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ 1994లో మొదలైంది. యూజీసీ 2010లో అధ్యాపకుల పనిని అంకెల్లో కొలిచే ఏపీఐ స్కోర్లు పెట్టింది. తర్వాత నాక్ మదింపులో విద్యార్థుల సంతృప్తి సర్వే కూడా చేరింది. పిల్లల అభిప్రాయం అడగడం తప్పు కాదు, అడగాలి. దాన్ని చూసి పాఠం దిద్దుకోవచ్చు. కానీ ఆ కాగితం మీదే వచ్చే ఏటి ఉద్యోగం ఆధారపడితే తరగతి గది నిజంగానే ట్రియర్ గది అవుతుంది. పైగా ఆ కాగితం కొలిచేదేమిటో కూడా తేలలేదు. బాబ్ ఉట్ల్, ఆయన సహచరులు 2017లో పాత పరిశోధనలన్నీ తిరిగి లెక్కగట్టి, పిల్లలు సారుకు వేసే మార్కులకూ వాళ్లు నేర్చుకున్నదానికీ సంబంధం దాదాపు లేదని తేల్చారు. 2015లో ఒక ఆన్‌లైన్ కోర్సులో ఇద్దరు బోధకుల పేర్లను తారుమారు చేసి చూశారు. బోధించింది ఎవరైనా సరే, మగ పేరుకు ఎక్కువ మార్కులు పడ్డాయి. చిన్న ప్రయోగం, 43 మంది విద్యార్థులే. అయినా మన స్టాఫ్‌రూముల్లో మేడాలెవరినైనా అడగండి, ఆశ్చర్యపోరు.

మాట్లాడటమంటే జంకు మన నేల గుణం అనుకునేవాళ్లు సంక్రాంతి రోజుల్లో జహీరాబాద్ వైపు రావాలి. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, పీవీ సతీష్ నడిపించిన సంస్థ, ఏటా పాత పంటల జాతర జరుపుతుంది. ఎడ్లబండ్ల మీద విత్తనాలు అలంకరించి ఊరూరా తిప్పుతారు. జహీరాబాద్, న్యాల్‌కల్, ఝరాసంగం వైపు ఊళ్ల ఆడవాళ్లు, ఎక్కువ మంది దళితులు, బడి మొహం చూడనివాళ్లు, అక్కడికొచ్చిన శాస్త్రవేత్తలకూ విలేకరులకూ పచ్చజొన్న సంగతీ సామల సంగతీ ఏ నేలకు ఏ విత్తనమో విప్పి చెబుతారు. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెట్టి మైకు ముందు కూర్చున్నదీ ఇలాంటివాళ్లే. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2019లో ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

వాళ్లు పుట్టుకతో ధైర్యవంతులని నేననను. చెప్పేది చేతులతో చేసిన పని, చెప్పే భాష ఇంటి భాష. ఎవరూ ఫీడ్‌బ్యాక్ ఫారం పట్టుకుని నిలబడరు. రాని ప్రశ్న వస్తే 'గది నాకెరుక లేదు, గామెను అడుగుండ్రి' అని పక్కామె వైపు చెయ్యి చూపిస్తే పోయే పరువేమీ లేదు. అన్నిటికీ మించి ఊరి సంఘం మీటింగుల్లో పదిమంది మధ్య ఏళ్ల తరబడి మాట్లాడి మాట్లాడి ఉన్నారు. ఆల్బర్ట్ బందూరా 1977లో ఆత్మవిశ్వాసానికి మూలాలు వెతికినప్పుడు అన్నింటికన్నా పైన పెట్టింది చేసి గెలిచిన అనుభవాన్నే. పక్కవాళ్లు చేయగా చూడటం దాని తర్వాతిది. సంఘం మీటింగులో రెండూ దొరికాయి. లెక్చరర్‌కు పక్కన ఎవరూ లేరు. మన కాలేజీల్లో తలుపు మూసుకున్నాక ఒకరి క్లాసులోకి ఇంకొకరు వెళ్లరు. వెళ్తే ఇన్‌స్పెక్షన్ అనుకుంటారు.

కాబట్టి భయం తగ్గించే పనులన్నీ మనస్తత్వశాస్త్రంలో వెతకనక్కర్లేదు. కొన్ని టైంటేబుల్‌లోనే ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లకు వరుసగా రెండు మూడేళ్లు ఒకే పేపరు ఇవ్వొచ్చు, దానికి జీవో అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఆ పేపరేమిటో మే నెలలోనే చెప్పొచ్చు. ఇద్దరు ముగ్గురు తోటి లెక్చరర్ల ముందు 10 నిమిషాల పాఠం చెప్పి చూసుకునే సూక్ష్మబోధన పద్ధతి స్టాన్‌ఫర్డ్‌లో 1960లలో పుట్టింది, మన బీఎడ్ కాలేజీల్లో దశాబ్దాలుగా చేయిస్తున్నారు, డిగ్రీ స్టాఫ్‌రూముకు మాత్రం ఇంకా రాలేదు. క్లాసులో ఇంగ్లీషు పదాన్ని బోర్డు మీద రాసి వివరణ తెలుగులో, అవసరమైతే ఉర్దూ మాట కలిపి చెబితే అది తక్కువతనం కాదని ప్రిన్సిపాల్ నోటితో ఒక్కసారి అనిపిస్తే చాలా గొంతులు తెరుచుకుంటాయి. ఇప్పుడు కూడా చాలామంది అలాగే చెబుతున్నారు, తలుపు దగ్గరగా వేసుకుని, ఎవరూ వినకుండా.

ఫీడ్‌బ్యాక్ ఫారాన్ని రెన్యువల్ ఫైలు నుంచి విడదీయడం దీనికన్నా కష్టం. అది హెచ్‌ఓడీ చేతిలో ఉండదు, ప్రిన్సిపాల్ చేతిలోనూ సగమే. గెస్ట్ లెక్చరర్ రాష్ట్రమంతా పీరియడ్ లెక్కన పనిచేస్తున్నంత కాలం ఆ ఫారం ఏ ఫైల్లో ఉన్నా ఆయన కంటికి అది రెన్యువల్ ఫారమే.